వంగి నడిచిన బలరాం బావ

మా బావ బలరాం ఏ మాటనూ మొదటిసారి నమ్మడు. పాలవాడు ఆవుపాలంటే, గిన్నె చేతిలో పట్టుకుని "ఆవుపాలేనా?" అని మళ్ళీ అడుగుతాడు. బస్సు మీద రాయపూర్ అని రాసి ఉన్నా కండక్టర్‌ని అడుగుతాడు, ఎక్కి కూర్చున్నాక పక్కసీటువాణ్ణీ అడుగుతాడు. పుచ్చకాయని ఇటు కొట్టి చూసి, తిప్పి అటువైపు కూడా కొట్టి చూస్తాడు. అతనితో బజారుకు వెళ్ళడమంటే నాకు ఒళ్ళుమంట.

ఆ గుణం మనిషిది కాదు, చేసే పనిది అంటుంది మా అప్ప సింహాచలమ్మ. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. బావ మా భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో తనిఖీ పని చేస్తాడు. చల్లారిన పట్టాలు బెడ్డు అనే ఇనప అరుగు మీద వరసగా పడుకుని ఉంటాయి. ఒక చేతిలో టార్చీ, ఇంకో చేతిలో సుద్దముక్క పట్టుకుని, నడుం వంచి, మొహం పట్టా మీదికి దించి, ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. వెంట్రుకంత పగులు కనిపించినా అక్కడ సుద్దతో గీత పెట్టాలి. తర్వాత పట్టాని తిప్పిస్తారు, రెండోవైపు చూస్తూ మళ్ళీ నడవాలి. ఒకవైపు చూసి బాగుందనేవాడు తనిఖీవాడు కాదు, చుట్టం అని బావ సిద్ధాంతం.

మా అప్ప విషయంలోనూ అంతే చేశాడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నేను జంతికల పళ్ళెం పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఇతను వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ "ఓసారి ఆ గుమ్మం దాకా నడిసి రా అమ్మా" అంది. కాలు కుంటిదేమో చూసుకోవడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. అప్ప నడిచింది. బావ గొంతు సవరించుకుని, "మరోసారి" అన్నాడు. మా నాన్న మొహం ఎర్రబడింది. అప్ప మాత్రం రెండోసారీ నడిచి, సరిగ్గా అతని ముందు ఆగి, నేలకేసి చూడకుండా అతని మొహంలోకే చూసింది. ఇప్పటికీ కోపం వస్తే "నన్ను పట్టాని తిప్పినట్టు తిప్పి సూసుకుని సేసుకున్నాడు మీ బావ" అంటుంది.

అలాంటి మనిషిని లోకం అనుమానించే రోజు వచ్చింది. కరోనా గొడవలు సద్దుమణిగిన ఏడాది అది మొదలైంది.

వైశాలి నగర్‌లో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. సంతరోజు బావా అప్పా నడిచి వెళ్ళి కూరలు తెచ్చుకునేవాళ్ళు. వచ్చేటప్పుడు బావ ఒకేచోట ఆగడం మొదలుపెట్టాడు. కల్వర్టు దగ్గర అప్పయమ్మ దోసెల బండి ఉంటుంది. సరిగ్గా ఆ బండి ముందుకి వచ్చేసరికి తొడలు బరువెక్కేవట, పిక్కల్లో చీమలు పాకేవట, అరికాళ్ళ కింద నేల ఉందో లేదో తెలిసేది కాదట. బండి అంచు మీద రెండు చేతులూ ఆన్చి ముందుకు వంగితే కాసేపట్లో అంతా సర్దుకునేది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి అప్పకి కనిపించినదల్లా ఏమిటంటే, ప్రతి వారం తన మొగుడు ఒకే బండి ముందు ఆగుతున్నాడు, ముందుకు వంగుతున్నాడు. అప్పయమ్మకి మొగుడు లేడు, బాగా నవ్వుతుంది, చట్నీ అడక్కుండానే రెండోసారి వేస్తుంది.

"ఏటి, ఆ బండి కాడే నొప్పెడతాయా నీ కాళ్ళు? ముందు నొప్పెట్టవు, ఎనక నొప్పెట్టవు?" అని అప్ప నిలదీసింది.

"అక్కడికొచ్చేసరికి బరువెక్కిపోతన్నాయే."

"బరువెక్కినవి కాళ్ళు కావులే."

గోడకి ఇవతల బట్టలు ఆరేస్తూ నేను నవ్వాపుకోలేకపోయాను. అప్ప గోడ దగ్గరికి వచ్చి, "ఒలే రజనీ, వొచ్చే వారం నువ్వు ఎనకాలెల్లి సూడవే" అని బతిమాలింది. స్కూల్లో పిల్లల్ని కాపలా కాయలేక చస్తున్నాను, నీ మొగుణ్ణి నువ్వే కాసుకో అన్నాను.

అప్ప ఊరుకునే మనిషి కాదు. మరుసటి వారం ఇంకో దారిలో తీసుకొచ్చింది. ఆ దారిలో బావ మంగలిషాపు ముందు ఆగాడు, షాపువాడి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వంగాడు. అక్కడ ఆడపురుగు లేదు. ఇంకెవరైనా అయితే ఆ పూటతో అనుమానం వదిలేసేవాళ్ళు. అప్ప మాత్రం, "నన్ను ఏమార్చడానికి ఇక్కడ ఆగినాడు" అంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

మిల్లులో ఇంకో రకం అనుమానం. సైకిలు మీద డ్యూటీకి బావ హాయిగా వెళ్ళేవాడు. షిఫ్టంతా పట్టాల మీదికి వంగి నడిచేవాడు, ఏ నొప్పీ లేదు. షిఫ్టు దిగి నిటారుగా సైకిల్ స్టాండు దాకా నడవాలంటే మాత్రం మధ్యలో కూర్చోవలసి వచ్చేది. ఇది తాతబ్బాయి కంటపడింది. తాతబ్బాయిదీ అదే మిల్లు, మా వీధే, యూనియన్లో తిరుగుతాడు, నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏటి బావ్‌గారూ మీ యాక్టింగు! పట్టా మీద ఒంగితే నొప్పి నేదు, నిలబడితే నొప్పా? డాక్టరు కాడ ఇలగ సెప్పకండి, దొరికిపోతారు" అని మా గేటు ముందే నిలబడి సలహా ఇచ్చాడు. అతని గొంతులో వెక్కిరింత లేదు, మెచ్చుకోలు ఉంది. అదే నాకు ఎక్కువ మండింది.

ఆ మెచ్చుకోలు ఎందుకో మా కాలనీలో అందరికీ తెలుసు. సర్వీసు ఉండగానే ఒళ్ళు పాడై 'అన్‌ఫిట్' అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందని ఇక్కడ పాతకాలం నుంచీ ఒక నమ్మకం. ఎప్పుడో ఎవరికో వచ్చింది. ఇప్పుడా దారి తెరిచి ఉందో మూసుకుపోయిందో ఒక్కొక్కడూ ఒక్కోలా చెబుతాడు. అయినా ఎవరైనా కాస్త కుంటుతూ కనిపిస్తే చాలు, వాళ్ళ కొడుకు ఏం చదివాడని అడుగుతారు.

బావ కొడుకు మనోజ్‌కుమార్ ఐటీఐ చదివాడు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉంటుంది. సంబంధాలు వస్తాయి, "పర్మినెంటేనా?" అని అడుగుతారు, కాదనగానే టీ సగం తాగి లేస్తారు. ముప్పై దాటాడు. కాబట్టి బావ కుంటడం మొదలుపెట్టగానే అందరూ ఆ కాళ్ళ వైపు కాకుండా మనోజ్ వైపు చూశారు.

ఇంట్లో మొగుడి మీద అనుమానం, బయట ఉద్యోగి మీద అనుమానం. చివరికి బావకే తన మీద అనుమానం వచ్చింది. "రజనీ, నాకు నిజంగా నొప్పుందంటావా?" అని ఒకరోజు నన్నే అడిగాడు. అలవాటు ప్రకారం మళ్ళీ అడిగాడు. నాకు కోపమూ జాలీ కలిసి వచ్చాయి. బావనీ అప్పనీ ఆటోలో ఎక్కించి, వెన్నుపూసల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు స్కానింగు చూసి, మేము ఏమీ చెప్పకముందే అడిగాడు. కొంతదూరం వెళ్ళగానే ఆగిపోతారా? దాదాపు ప్రతిసారీ అంతే దూరమా? ముందుకు వంగినా కూర్చున్నా తగ్గిపోతుందా? సైకిలు తొక్కితే బాగానే ఉంటుందా? బావ అన్నిటికీ అవునన్నాడు. నడుం దగ్గర నరాలు వెళ్ళే దారి ఇరుకైపోయిందని, నిటారుగా నిలబడితే ఇంకా బిగుస్తుందని, వంగితే కాస్త తెరుచుకుంటుందని డాక్టరు వేళ్ళతో చూపించాడు. సంత నుంచి దోసెల బండి దాకా దూరం ఎంతో, రెండో దారిలో మంగలిషాపు దాకా దూరమూ అంతే. నేను అప్ప వైపు చూశాను. అప్ప నేలకేసి చూస్తోంది.

తిరిగొస్తుంటే కల్వర్టు దగ్గర అప్పే ఆటో ఆపించి, ఇంటిల్లిపాదికీ దోసెలు కట్టించింది. చట్నీ రెండోసారి కూడా తనే అడిగి వేయించుకుంది. మొగుడికి క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఆడవాళ్ళకి చేతకాదు, ఇంతవరకే చేతనవును.

మందులూ వ్యాయామాలూ కొన్నాళ్ళు నడిచాయి. దోసెల బండి దాకా వచ్చే కాళ్ళు తర్వాత తర్వాత వీధి మలుపు దాకా కూడా రాలేదు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇక బావకి డాక్టరు మీద అనుమానం పట్టుకుంది. రాయపూర్ వెళ్ళి ఇంకో డాక్టరుకి, మొదటి డాక్టరు మాట ఎత్తకుండా, కొత్తరోగంలా మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆయనా అదే మాట అన్నాడు. రెండువైపులా చూసుకున్నాక బావ ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. నరాలని నొక్కుతున్న ఎముకని కొంత తీసేసి దారి వెడల్పు చేశామన్నారు. మెలకువ వచ్చాక కాళ్ళెలా ఉన్నాయని అడిగితే, "తేలిగ్గా ఉన్నాయి. మత్తు దిగలేదేమో" అన్నాడు. మర్నాడు లేపి నిలబెట్టారు, నాలుగడుగులు నడిపించారు. నొప్పి రాలేదు. "ఇంకా వొస్తాది సూడండి" అన్నాడు బావ. పాదాల తిమ్మిరి తగ్గడానికి నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ తిమ్మిరిని పట్టుకుని మొత్తం ఆపరేషన్నే శంకించాడు.

ఇంటికొచ్చాక నడకకి వాకర్ కావాలన్నారు. నాలుగు కాళ్ళ వాకర్ మనోజ్ కొనుక్కొచ్చాడు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, "అంకుల్, సీధా. అబ్ ఝుక్‌నే కీ జరూరత్ నహీఁ" అని వీపు మీద చెయ్యి పెట్టి, ఇక వంగక్కర్లేదని చెప్పేది. ఆ అమ్మాయి ఉన్నంతసేపూ నిటారుగా ఉండేవాడు. వెళ్ళగానే మళ్ళీ నడుం వంచి, కింద పట్టా ఉన్నట్టే చూస్తూ నడిచేవాడు. ఇన్నేళ్ళ అలవాటు కదా, మెల్లగా పోతుందిలే అనుకున్నాం.

అలవాటు కాదని నాకు దొడ్లో తెలిసింది. ఆరోజు మనోజ్ డ్యూటీకి వెళ్ళాడు, అప్ప రేషన్ దుకాణానికి వెళ్ళింది. నేను గోడ మీదుగా కరివేపాకు అడుగుదామని తల ఎత్తాను. బావ మునగచెట్టు దగ్గర నుంచి బట్టలుతికే రాయి దాకా వాకర్ లేకుండా, నడుముకి బెల్టు పెట్టుకుని, తలెత్తి నిటారుగా నడుస్తున్నాడు. పెళ్ళినాటి బావ గుర్తొచ్చాడు. నాకు ఎంత సంతోషం వేసిందో! గట్టిగా చప్పట్లు కొట్టాను.

అతను ఉలిక్కిపడి వెంటనే వంగిపోయాడు.

"ఇంత బాగా నడుస్తున్నావు, మరి వీధిలో ఆ వంగుడేంటి బావా?"

"నెమ్మది. ఎవులికీ సెప్పకు." వాకర్‌ని తెచ్చి గోడ మీద తలకిందులుగా పెట్టాడు. "దీని కాళ్ళు సూడు. నాలుగూ ఆఖరి కన్నంలోకి దించేసున్నాయి. నా ఎత్తుకి ఇంకా పైనుండాల. దీన్ని పట్టుకుంటే ఒంగక తప్పదు."

"దుకాణంవాడు అలాగే ఇచ్చుంటాడు."

"నేదు. తెచ్చిననాడు సరిగ్గానే ఉన్నాది. నాను రెండుసార్లు సూసాను." గొంతు తగ్గించాడు. "మనోజ్ దించాడు. నాను నిటారుగా నడవడం ఆడికిష్టం నేదు. తొందరేం నేదు నాన్నా, ఆరాంగా, ఆరాంగా అంటాడు రోజూ. మొన్న గేటు కాడ తాతబ్బాయితో ఏటో మాటాడతన్నాడు, నన్ను సూసి ఇద్దరూ ఆపేసినారు."

నిప్పు లేనిదే పొగ రాదని అతని లెక్క. మరో పది రోజుల్లో ప్లాంటు డాక్టరు చూడబోతున్నాడు. డ్యూటీకి ఫిట్టో కాదో ఆరోజే తేలుతుంది. బావ లెక్క ప్రకారం కొడుకు ఆరోజు కోసం తనని వంచి ఉంచుతున్నాడు.

"వాణ్ణి అడిగావా?" అన్నాను.

"అలాటివి అడుగుతారేటే?"

పాలు ఆవువో కావో రెండుసార్లు అడిగే మనిషి, ఇంత పెద్దమాట కొడుకుని ఒక్కసారీ అడగలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అడగవయ్యా బాబూ అని అరిచాను. అతను నా మాట వినకుండా, చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు చెప్పాడు.

"ఆడిది తప్పు కాదు. అడగలేక అలగ సేసాడు. ఆడికివ్వడానికి నా కాడ ఏటున్నాది? ఈ నడుమొకటే కదా. ఆరోజు ఒంగే నడుస్తాను. అన్‌ఫిట్ అనీమను."

"నిటారుగా నడవడానికే కదా అంత కోత కోయించుకున్నావు? మళ్ళీ మిల్లుకి వెళ్ళాలని కాదా? ఆసుపత్రిలో మంచం మీద కూడా పట్టాల గురించే కదా మాట్లాడావు?"

"నీకు పిల్లల్నేరు. నీకు తెల్దులే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎవరన్నా అంటే పడతాను కానీ, బావ అంటాడనుకోలేదు. కరివేపాకు అడక్కుండానే గోడ దగ్గర్నుంచి వచ్చేశాను.

అయినా మనసు ఊరుకోలేదు. సాయంత్రం మనోజ్ బండి ఆపుతుండగా పట్టుకుని, తాతబ్బాయితో ఏం మాట్లాడావురా అని సూటిగా అడిగాను. వాడు హెల్మెట్ తీస్తున్నవాడు తియ్యడం ఆపేశాడు. "కుఛ్ నహీఁ పిన్ని. ఒదిలెయ్" అని నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఎత్తుకుని పెంచిన పిల్లాడు. వాడు అబద్ధమాడితే వాడి చెవులు చెబుతాయి. చెవులు ఎర్రబడ్డాయి. ఆపూట నుంచీ నేనూ వాణ్ణి అనుమానించాను. ఆ వాకర్‌ని చూస్తే ఒళ్ళు మండేది.

డాక్టరు చూసే రోజు అందరం బయల్దేరాం. మనోజ్ ఆరోజు పని మానేశాడు. పిలవకపోయినా తాతబ్బాయి కూడా వచ్చాడు. దారిలో బావ చెవి దగ్గర, "మాటాడకండి, నడిసి సూపించండంతే" అన్నాడు. కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నంతసేపూ అప్ప బావ చెయ్యి పట్టుకునే ఉంది. అప్పకి ఈ పథకం సంగతి తెలియదు. ఆవిడ భయమంతా, మళ్ళీ నొప్పి వస్తుందేమోనని.

డాక్టరు నడివయసు మనిషి. కాళ్ళు తట్టి చూశాడు, వేళ్ళు కదిలించమన్నాడు, కుట్లు మానిన చోటు చూశాడు. అంతా బాగున్నట్టే తలూపాడు. తర్వాత కారిడార్‌లోకి వచ్చి, ఆ చివరి కిటికీ చూపించి, "వహాఁ తక్ చలియే. ఆరామ్ సే, సీధే" అని అక్కడిదాకా నిటారుగా నడవమన్నాడు.

మనోజ్ ముందుగానే వెళ్ళి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడు. బావ వాకర్ పట్టుకున్నాడు. వంగాడు. అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు, మొహం దాదాపు వాకర్ కమ్మీని తాకేలా ఉంది. ఒక్కో అడుగూ ఈడుస్తూ వెళ్ళాడు. తాతబ్బాయి శభాష్ అన్నట్టు నా వైపు కళ్ళెగరేశాడు. డాక్టరు కనుబొమలు ముడుచుకున్నాయి. గదిలో చూసిన కాళ్ళకీ, ఇక్కడి నడకకీ పొంతన కుదరక ఆయనకీ అనుమానం వచ్చినట్టుంది. అప్ప చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నాకు లేచి నిజం చెప్పేద్దామనిపించింది. నోరు తెరిచాను కూడా.

"నాన్నా!"

మనోజ్ గొంతు. కారిడార్‌లో అందరూ తిరిగి చూశారు.

"ఇక్కడ పట్టా ఏటీ నేదు నాన్నా. ఎందుకొంగుతన్నావు? తలెత్తు."

బావ ఆగిపోయాడు. తల మాత్రం ఎత్తలేదు.

"దొడ్లో ఎలగ నడుస్తన్నావో అలగ నడువు. నాను సూసాను."

వాడు గబగబా వచ్చి వాకర్‌ని తండ్రి చేతుల్లోంచి లాగి పక్కన పెట్టేశాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తాతబ్బాయి "అరే, అరే" అన్నాడు, డాక్టరు చూసేసరికి నోరు మూసుకున్నాడు. బావ పట్టుకోవడానికి ఏమీ లేకుండా కారిడార్ మధ్యలో కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా లేచాడు. నడుం లేచింది, భుజాలు లేచాయి, ఆఖరికి తల లేచింది. కొడుకు మొహం చూస్తూ కిటికీ దాకా నడిచి వెళ్ళాడు, అక్కడ తిరిగి మళ్ళీ మా దాకా నడిచి వచ్చాడు. పాదాల్లో తిమ్మిరి ఉంది కాబట్టి అడుగు కాస్త తడబడింది. అయినా ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వంగలేదు.

డాక్టరు సరేనన్నట్టు గదిలోకి తిరగబోతుంటే అప్ప లేచి, "సాబ్, ఏక్ బార్ ఔర్ చలాయియే" అని మరోసారి నడిపించమంది.

డాక్టరుకి అర్థం కాలేదు కానీ, బావకి అర్థమైంది. మరోసారి నడిచి, వచ్చి సరిగ్గా అప్ప ముందు ఆగాడు. అప్ప కళ్ళు తుడుచుకుంటూ, "పర్వానేదు, కుంటి కాదు" అంది. నేను ఏడుస్తూ నవ్వాను.

కొన్నాళ్ళు కూర్చుని చేసే తేలికపని, తర్వాత చూసి మామూలు డ్యూటీ అని డాక్టరు చెప్పాడు. ఫిట్టన్నమాట. తాతబ్బాయి అర్జంటు పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

బయట స్కూటర్ల స్టాండు దగ్గర సిమెంటు బెంచీ మీద బావ కూర్చున్నాడు. మనోజ్ వాకర్‌ని భుజాన వేసుకుని వచ్చాడు. బావ దాన్ని చూపించి, "దీని కాళ్ళు ఎవులు దించినారు?" అన్నాడు. అడిగింది మనోజ్‌నే.

"నానే దించాను" అంది అప్ప. "ఒంగితేనే నీకు సుకం కదా. దోసెల బండి మీద ఒంగితే తగ్గిపోయేది కదా. ఇది మరీ ఎత్తుగా ఉన్నాది, ఒంగడానికి కుదరదేమోనని దించాను. ఏం, తప్పా?"

ఒకప్పుడు వంగినందుకు అనుమానించిన మనిషి, ఆ పాపం కడుక్కోవడానికి ఇంకాస్త వంగేలా చేసింది. ఆపరేషన్ తర్వాత ఆ అవసరం పోయిందని ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. మనోజ్ వైపే చూస్తున్నాడు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి.

"మరి తాతబ్బాయితో ఏటి మాటాడినావు?"

మనోజ్ వాకర్ కింద పెట్టాడు. ఈసారి నా దగ్గరలా మొహం తిప్పుకోలేదు.

"అడిగాను నాన్నా. నువ్వు అన్‌ఫిట్ అయితే నాకొస్తాదా అని అడిగాను. చాన్స్ ఉందన్నాడు."

అప్ప "ఓలమ్మో" అని కూర్చుండిపోయింది. నేను వాడి మీదికి వెళ్ళబోయాను, బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు కావాలా అది?" అని అడిగాడు.

"కావాలి నాన్నా. ఎందుకొద్దు? ఆ దుమ్ములో ఎన్నాళ్ళని..." అన్నాడు వాకర్ కమ్మీని పట్టుకుని. "నువ్వు దొడ్లో నిటారుగా నడుస్తంటే ఎనకనుంచి సూసాను ఒకరోజు. ఏడుపొచ్చేసింది. నువ్వు బాగయ్యావనొచ్చిందో, ఉద్యోగం పోయిందనొచ్చిందో నాకే సమజ్ కాలేదు. అదే బాగోలేదు నాకు. నీకు సెప్పలేకపోయాను."

స్టాండులో ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. బావ కొడుకు మొహంలోకి చాలాసేపు చూశాడు. పట్టా మీద పగులు వెతికేటప్పుడు చూసినట్టే చూశాడు. ఇక మళ్ళీ అడుగుతాడు, తిప్పి అటువైపు చూస్తాడు అనుకున్నాను. మా అందరికీ తెలిసిన బావ కదా.

రెండోసారి అడగలేదు. లేచి, వాడి కనురెప్ప మీద ఇంకా మిగిలిన నిన్నటి సిమెంటు దుమ్ముని బొటనవేలితో తుడిచాడు. "పద, ఇంటికెల్దాం" అని నిటారుగా ముందు నడిచాడు. మనోజ్ వాకర్ ఎత్తుకుని వెనకాల నడిచాడు.